మొదటి దెబ్బ తరువాత

పాస్టరు అయ్యాక ఏడేళ్ళ పాటు అతను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. అంతకుముందు సంగతి వేరు. కోత మిల్లు యార్డులో దుంగలు దొర్లించే రోజుల్లో అతన్ని అందరూ 'దుంగ' అనేవారు. ఆ పేరు అతని భుజాలు చూసి పెట్టింది కాదు. మీద పడితే కిందివాడు ఇక లేచే పని ఉండదని పెట్టింది. ఒకసారి లారీ వెనక్కి తీసేటప్పుడు చెయ్యి ఊపడం ఆలస్యం చేశాడని సాటి కూలీ దవడ పగలగొట్టాడు. వాడు కింద పడ్డాక కూడా ఆగలేదు. మీద కూర్చుని కొట్టాడు. నలుగురు కలిసి లాగితే గాని ఊడి రాలేదు. మిల్లు డాక్టరు అతని పిడికిలిలో దిగిన పన్ను ముక్కను పట్టకారుతో లాగుతూ, "ఇంత కోపం ఎవరి మీదయ్యా నీకు?" అని అడిగితే, "ఏమో సార్, ఎదురుగా ఎవడుంటే వాడి మీద" అన్నాడట.

అలాంటివాణ్ణి దారికి తెచ్చినవాడు రంపాల మేస్త్రీ. మిల్లులో రంపాలకు పదును పెట్టే గది అతని రాజ్యం. తాగి కాలవలో పడి ఉన్న దుంగను ఒక రోజు చంకలో చెయ్యి వేసి లేపి, తన ఇంటికి తీసుకుపోయి, నెత్తిన నాలుగు బిందెలు గుమ్మరించి, తన చొక్కా తొడిగి, ఎదురుగా కూర్చుని అన్నం తినిపించాడు. మరుసటి ఆదివారం మందిరానికి వెంటబెట్టుకు వెళ్ళాడు. మూడేళ్ళు కాపలా కాశాడు. ఆపైన సొంత చెల్లెలినిచ్చి పెళ్ళి చేశాడు. అంచేత పాస్టరుకు మేస్త్రీ ఉత్త బావ కాదు. కన్నతండ్రి మొహం ఎరగని మనిషికి తండ్రి లాంటివాడు.

మందిరంలో అప్పటి ముసలి పాస్టరు తన బాధ్యత అతనికి అప్పగించే ముందు ఒక మాట అన్నాడు. "తాగకూడదు, అబద్ధం ఆడకూడదు, మొహం చూసి ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ చెయ్యకూడదు, ఇవన్నీ మెల్లగా నీకు అలవాటవుతాయి. కొట్టకూడదన్నది మాత్రం నీకు అలవాటు కాదు. అది నువ్వు రోజూ కొత్తగా మొదలుపెట్టాల్సిందే." ఆ ప్రకారమే పొద్దున లేవగానే తన చేతుల వంక చూసుకుని, ఇవాళ వద్దు, అనుకునేవాడు అతను. ప్రసంగాలు పొట్టిగా చేసేవాడు. దుంగలు మోసిన మనిషికి ఊపిరి ఎక్కువే గాని మాటలు తక్కువ. ఒక కునుకు తీద్దామంటే వ్యవధి ఇవ్వడని ముసలివాళ్ళు విసుక్కునేవారు. వారంలో ఆరు పొద్దులూ మిల్లులో పని, ఏడో నాడు వాక్యం. మిల్లువారి పాత చెక్కల గోదామే మందిరం. దాని వెనక ఆనుకుని ఉన్న రెండు గదులే కాపురం.

ఒక బుధవారం పొద్దున అతను పనికి బయలుదేరబోతుండగా మేస్త్రీ భార్య వంటగది తలుపులోంచి లోపలికి వచ్చింది. ఆమెది మిల్లులో పెట్టెలకు మేకులు కొట్టే పని. నోట్లో పది మేకులు పట్టుకుని, మాట్లాడుతూనే, ఒక్కటీ వంకర పోకుండా దించేది. ఆ కుడిచెయ్యి ఇప్పుడు తువ్వాలులో చుట్టి ఉంది. పాస్టరు భార్య మెల్లగా తువ్వాలు విప్పింది. చూపుడువేలూ మధ్యవేలూ నల్లగా ఉబ్బి, ఒకదానికొకటి వేరే దిక్కులకు తిరిగి ఉన్నాయి. గోళ్ళు లేవు.

"తలుపు సందులో పెట్టి మూశాడు తమ్ముడూ," అంది ఆమె.

"ఎందుకక్కా?" అన్నాడు పాస్టరు. అడగకూడని ప్రశ్న అడిగానని నోరు మూయకముందే తెలిసింది.

"చొక్కా గుండీ ఊడితే కుట్టాను. దారం రంగు కలవలేదట. ఒక్కసారి మూసి వదిలేస్తాడనుకున్నాను. తలుపు తెరిచి, నా మొహం వంక బాగా చూసి, మళ్ళీ మూశాడు."

పాస్టరు భార్య ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి వదినా?" అంది.

మేస్త్రీ భార్య తలగుడ్డ వెనక్కి తీసి చెవి చూపించింది. కింది సగం లేదు. "మీరంతా మా ఇంట్లో కూర్చుని నవ్వుకుంటూ భోంచేసి వెళ్ళిన ఆదివారాలు ఉన్నాయే, వాటి తర్వాత కూడా. నాలుగు గోడల మధ్య సంగతి కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు వేళ్ళు పోయాయి. వేళ్ళు పోతే నాకు పని లేదు. ఇక్కడే ఒక మూల పడుంటాను తమ్ముడూ."

పాస్టరు కళ్ళ ముందు ఆ తలుపూ లేదు, ఆ వేళ్ళూ లేవు. నెత్తిన నీళ్ళు గుమ్మరించి అన్నం ముద్ద నోటికందించిన మేస్త్రీయే కనిపించాడు. ఆ మనిషి గురించి ఈ మాట వినడానికి అతని చెవులు ఒప్పుకోలేదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు పాస్టర్లు చేసే పని చేశాడు. ప్రార్థన చేశాడు. అది ముగించి, "నేను బావతో మాట్లాడతాను. నువ్వు ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్ళక్కా. ఇల్లు విడిచి వచ్చావంటే మాట మాట పెరుగుతుంది," అన్నాడు.

"పంపొద్దండీ," అంది భార్య.

"ఒక్క అవకాశం ఇద్దాం."

"ఎవరి వేళ్ళతో ఇస్తారు అవకాశం?"

"నేను పాస్టరుగా చెప్తున్నాను," అన్నాడతను. పెళ్ళయిన నాటి నుంచీ ఇంట్లో ఆ మాట వాడడం అదే మొదలు.

మేస్త్రీ భార్య తువ్వాలు చుట్టుకుని లేచింది. "సరే. నువ్వు చెప్పావు కాబట్టి వెళ్తున్నాను," అంది.

ఆ మధ్యాహ్నం పాస్టరు పదును గదికి వెళ్ళాడు. పొడుగాటి రంపం బద్ద చక్రాల మీద పాములా కదులుతోంది. సానరాయి తగిలిన ప్రతి పన్ను దగ్గరా నిప్పురవ్వలు లేస్తున్నాయి. మేస్త్రీ మెషిను ఆపి, చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. విని, ఇనుప రజను మీద మోకాళ్ళూని, పాస్టరు కాళ్ళు చుట్టేసుకుని భోరుమన్నాడు. "నాలో ఏదో దూరింది బావా. అది నేను కాదు. ఇంకెప్పుడైనా చెయ్యెత్తితే నా చెయ్యి ఈ రంపానికే పెట్టు." పాస్టరు కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. చంకల కింద చేతులు వేసి లేపాడు. ఒకప్పుడు తనను లేపినవాణ్ణి ఇవాళ తాను లేపాననుకుంటే లోపల ఏదో గర్వం కూడా కలిగింది. ఆ పూట అతనికి అన్నం రుచిగా అనిపించింది.

"ఏడ్చాడా?" అంది భార్య వడ్డిస్తూ.

"ఏడ్చాడు."

"కాళ్ళు పట్టుకున్నాడా?"

"నీకెవరు చెప్పారు?"

"మా నాన్న కూడా అంతే. మా అమ్మ చచ్చేదాకా వారానికోసారి ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. అన్నయ్యా నేనూ గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళం."

పాస్టరు చెయ్యి కంచంలో ఆగింది. అయినా లేవలేదు.

ఆదివారం మేస్త్రీ ముందు బెంచీలో నిలబడి పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగుంటుంది అతనికి. పక్కన భార్య లేదు. "జ్వరంగా ఉంది" అన్నాడట ఎవరో అడిగితే. ప్రసంగం మొదలైన కాసేపటికి పాస్టరు భార్య లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచింది. ఆమె ఎక్కడికి వెళ్తోందో అతనికి తెలుసు. తానూ దిగి వెళ్ళాలనీ తెలుసు. కానీ వాక్యం మధ్యలో ఆపి పాస్టరు పరుగెత్తితే జనం ఏమనుకుంటారు? పావుగంట పాటు, ఏం చెప్తున్నాడో తనకే తెలియకుండా, చెప్పుకుంటూ పోయాడు. ఆ పావుగంట అతన్ని తరువాత ఎప్పటికీ వదల్లేదు.

మందిరం తలుపు ధడాలున తెరుచుకుంది. పాస్టరు భార్య. మోచేతుల దాకా నెత్తురు. "దిగండి!" అని అరిచింది. "ఇంకా ఏం చెప్తారు? వదిన చచ్చిపోతోంది!"

రెండు వీధుల అవతల మేస్త్రీ ఇల్లు. స్నానాల గదికి బయటి నుంచి గొళ్ళెం పెట్టి తాళం వేసి ఉంటే పాస్టరు భార్య రాయితో పగలగొట్టింది. లోపల, గోడకీ నీళ్ళ తొట్టికీ మధ్య ఇరికించినట్టు పడి ఉంది మేస్త్రీ భార్య. దవడ ఒక పక్కకు జారిపోయి, నోరు మూతపడడం లేదు. ఎడమ కన్ను మాంసంలో పూడుకుపోయింది. వీపు మీద గుడ్డా చర్మమూ కలిసి చీరుకుపోయాయి. తొట్టి పక్కనే మూరెడు రంపం బద్ద ముక్క ఉంది. ఒక కొసకు పట్టుకోవడానికి వీలుగా గుడ్డ చుట్టి ఉంది. రెండో కొస పళ్ళ నిండా వెంట్రుకలూ తోలూ. పాస్టరు ఒక్క క్షణం ఆ గుడ్డ చుట్టు వంక చూశాడు. శ్రద్ధగా చుట్టిన చుట్టు. అప్పటికప్పుడు కోపంలో చేసింది కాదు. వంగి ఆమెను రెండు చేతులా ఎత్తుకుని, నడివీధిలో, అందరూ చూస్తుండగా పరుగెత్తాడు. ఎముకలు కదిలినప్పుడల్లా ఆమె గొంతులోంచి ఏదో గురగుర వచ్చింది గాని కేక రాలేదు.

ఆస్పత్రిలో నర్సు రిజిస్టరు తెరిచి, "ఎలా జరిగింది?" అంది.

"స్నానాల గదిలో జారి పడిందమ్మా," అన్నాడు వెనకే వచ్చిన మేస్త్రీ. గొంతు వణకలేదు.

నర్సు పాస్టరు వంక చూసింది. అప్పుడే ఎవరో అతని మోచెయ్యి పట్టుకున్నారు. సంఘ పెద్ద. మిల్లులో సూపర్‌వైజరు కూడా అతనే. చెవిలో గొణిగాడు: "పాస్టరుగారూ, సంఘం పరువు. ఇది మనలో మనం చూసుకుందాం. రేపు పదిమందిలో మన మొహాలు ఎలా చూపిస్తాం?"

పాస్టరు ఔనని తల ఊపితే చాలు, ఈ గొడవ ఈ పూటకు ఆగిపోతుంది. బుధవారం కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నానని గుర్తొచ్చింది.

"జారి పడలేదమ్మా," అన్నాడు. "ఈయన రంపం బద్దతో కొట్టాడు. బుధవారం వేళ్ళు విరగ్గొట్టాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చి చెప్పుకుంది. నేనే తిరిగి ఆ ఇంటికి పంపించాను. అది కూడా రాసుకోండి."

"నాకు గాయాల సంగతి చాలండీ."

"రాసుకోండమ్మా."

మేస్త్రీ అరవలేదు. దగ్గరికొచ్చి, పాస్టరు చొక్కా మీది నెత్తుటి మరకను వేలితో తుడిచినట్టు రాసి, "నిన్ను కాలవలోంచి తీసింది నేను. మళ్ళీ అందులోకి తోసేది కూడా నేనే," అన్నాడు. పోలీసులు పట్టుకుపోయారు. నాలుగో రోజున సంఘ పెద్ద హామీ నిలబడి విడిపించుకొచ్చాడు.

ఆమె దవడకు తీగలు వేసి బిగించారు. మాట్లాడడానికి లేదు. నర్సు ఒక పలకా బలపమూ ఇచ్చింది. పాస్టరు మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆమె ఎడమచేత్తో, వంకర టింకరగా, రెండే మాటలు రాసి అతని వైపు తిప్పింది: ఎందుకు పంపావు?

"తప్పు చేశానక్కా," అన్నాడు.

ఆమె కట్టు అంచుతో తుడిచేసి, మళ్ళీ అవే రెండు మాటలు రాసింది. తప్పు చేశానన్నది జవాబు కాదని అతనికి అర్థమైంది. "బావ నన్ను బతికించాడు. ఆ బావ చెడ్డవాడైతే నేను ఏమవుతానోనని భయమేసింది. నా భయం కోసం నిన్ను పంపాను." ఆమె బలపం పక్కన పెట్టి గోడ వైపు తిరిగింది. ప్రార్థన చేస్తానని అతను అడగలేదు.

తొమ్మిది రోజుల తరువాత ఆమెను ఇంటికి తెచ్చుకున్నారు. లోపలి గది ఇచ్చారు. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం వీధిలో ఎవరో కేక వేశారు. పాస్టరు వాకిట్లోకి వచ్చేసరికి మేస్త్రీ గేటు తన్నుకుని లోపలికి వస్తున్నాడు. చేతిలో దుంగలు దొర్లించే కొక్కెం కర్ర. నిలువెత్తు కర్ర, కొసన ఇనుప పోటు, పక్కన కొక్కెం.

"నా పెళ్ళాన్ని బయటికి పంపు."

"తలుపు గడియ పెట్టుకోండి," అని లోపలికి అరిచి, పాస్టరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి బిగించి పట్టుకున్నాడు. "నన్ను కొట్టు బావా. ఎంతసేపైనా కొట్టు. లోపలికి మాత్రం పోనివ్వను."

మేస్త్రీ కొట్టాడు. మొదటిది ఎడమ భుజం మీద పడింది. ఎముక పుటుక్కున విరిగిన చప్పుడు పాస్టరుకు చెవిలో వినిపించింది. రెండోది మోకాలి మీద. మూడోసారి కొక్కెం చెంపను చీల్చుకుంటూ పోయి గుమ్మం చెక్కలో దిగబడింది. దాన్ని పెరుక్కునే లోపు పాస్టరు అతన్ని వాటేసుకున్నాడు. మేస్త్రీ నుదుటితో ముక్కు మీద కొట్టాడు, విరిగిన భుజం మీద గుద్దాడు. కళ్ళు బైర్లు కమ్మి పాస్టరు కూలిపోయాడు. మేస్త్రీ కర్ర పెరుక్కుని, అతన్ని దాటుకుని లోపలికి పోయాడు.

లోపలి గది తలుపు తెరుచుకుని, మూసుకుంది. పాస్టరు భార్య బయటికి వచ్చి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "అన్నయ్యా, చాలు. నాన్న చేసినదే నువ్వూ చేస్తున్నావు," అంది.

మేస్త్రీ కర్ర తిప్పి చెల్లెలి నుదుటి మీద కొట్టాడు. చర్మం విచ్చుకుని మొహమంతా ఎర్రబడింది. ఆమె పడలేదు. తలుపును వదల్లేదు. అతను కర్ర రెండోసారి ఎత్తాడు.

పాస్టరు ఎలా లేచాడో అతనికే తెలియదు. కుడిచెయ్యి ఒక్కటే పనిచేస్తోంది. ఆ పిడికిలి మేస్త్రీ చెవి కింద తగిలింది. కర్ర జారింది. మేస్త్రీ మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగిపోయాడు. కళ్ళు తేలేశాడు. దెబ్బలాట అక్కడితో అయిపోయింది. ఇక కొట్టవలసిన అవసరం ఏ కోశానా లేదు.

పాస్టరు అతని గుండెల మీద కూర్చున్నాడు. దాహంతో ఉన్నవాడు నీళ్ళు తాగినట్టు కొట్టాడు. ముక్కు చితికింది. కంటి గుంట పిడికిలి కింద మెత్తబడింది. విరిగిన భుజం నొప్పి కూడా తెలియలేదు. ఏడేళ్ళుగా ఇది ఎక్కడికీ పోలేదనీ, లోపల కూర్చుని తన వంతు కోసం చూస్తోందనీ అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిశాక కూడా కొట్టాడు. భార్య నెత్తురు కారే మొహంతో వచ్చి జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. "చాలండీ! చచ్చిపోతాడు! నా మొహం చూడండి, చాలు!"

అతను తల తిప్పాడు. లోపలి గది తలుపు సగం తెరుచుకుని ఉంది. మేస్త్రీ భార్య బిగించిన దవడతో, తెరుచుకున్న ఒక్క కన్నుతో అతన్నే చూస్తోంది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. ఎన్నోసార్లు చూసినదాన్నే మళ్ళీ చూస్తున్న మనిషి చూపు అది.

మేస్త్రీ బతికాడు. ఎడమ కన్ను పోయింది. ఊరు మాత్రం పాస్టరును భుజానికెత్తుకుంది. వీధిలో జనం వచ్చి వీపు తట్టారు. "ఇన్నాళ్ళకు పాస్టరుగారి ప్రసంగం అందరికీ అర్థమైంది," అని ఒకడు నవ్వించాడు. సంఘ పెద్ద మాట కూడా మారిపోయింది. "ప్రాణరక్షణ కోసం కొట్టారని స్టేట్‌మెంట్ సిద్ధం చేయించాను. మీరు సంతకం పెడితే చాలు," అన్నాడు.

పోలీసు స్టేషనులో పాస్టరు ఆ కాగితం చదివి ఇన్‌స్పెక్టరుకు తిరిగి ఇచ్చాడు. "మొదటి దెబ్బ వరకు ఇది నిజమేనండి. ఆ తర్వాత ఆయన కదల్లేదు. నేను కొట్టాను."

"ఎన్ని కొట్టారు?"

"తెలియదు. ఆపాలనిపించలేదు."

ఇన్‌స్పెక్టరు కలం మూత కొరుకుతూ, "రాయకపోతే పోలా? మీరు మంచివారని అందరూ అంటున్నారు," అన్నాడు.

"ఆయన్ని గురించి కూడా అందరూ అలాగే అనేవారండి."

ఆదివారం చెయ్యి మెడకు వేలాడగట్టుకుని వేదిక ఎక్కాడు. ఎన్నడూ లేనంత మంది వచ్చారు. అతను కూర్చోలేదు, పుస్తకం తెరవలేదు. "గుమ్మంలో అడ్డం నిలబడ్డందుకు నాకు విచారం లేదు. మొదటి దెబ్బకీ విచారం లేదు. ఆ తర్వాతవి నేను ఎవరినీ కాపాడ్డానికి కొట్టలేదు, హాయిగా ఉందని కొట్టాను. అంతకంటే పెద్ద తప్పు బుధవారం నాడు చేశాను. ఒక మనిషి చితికిన చేతితో నా దగ్గరికి వస్తే, వినవలసిన నేను నీతులు చెప్పి పంపించాను. మీలో ఇంకెవరినైనా అలా పంపి ఉంటే వచ్చి నా మొహాన అడగండి. కాపరిగా ఉండడానికి నేను తగను. దిగుతున్నాను." అంతే. దిగాడు. వెనక వరుసలో భార్య పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఎవరూ పాట ఎత్తుకోలేదు. బయటికి వెళ్ళేటప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు అతని భార్య దగ్గర ఆగి, తలలు వంచుకుని చాలాసేపు మాట్లాడారు.

కోర్టు మేస్త్రీకి ఐదేళ్ళు వేసింది. పాస్టరుకు నాలుగు నెలలు.

ఇద్దరూ ఒకే జైలు. బారకులు వేరు. భోజనాల షెడ్డు ఒకటే. భార్యను రంపంతో కోసినవాడని మేస్త్రీ గురించి లోపల అందరికీ తెలుసు. ఒక మధ్యాహ్నం కంచాలు కడిగే తొట్టి దగ్గర ఐదుగురు అతన్ని చుట్టుముట్టారు. ఒకడు కంచం అంచుతో, కన్ను పోయిన వైపు, అతనికి కనబడని వైపు నుంచి కొట్టాడు. మేస్త్రీ తొట్టి అంచు పట్టుకుని జారిపోయాడు. తన్నడం మొదలుపెట్టారు. కాపలావాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు.

పాస్టరు కంచం చేత్తో పట్టుకుని పది అడుగుల దూరంలో ఉన్నాడు. మొదటి తన్ను చూసి అతనికి ఒళ్ళంతా తేలికైంది. రెండోది చూసి ఇంకొకటి పడాలనిపించింది. ఆ అనిపించడమే అతన్ని కదిలించింది. కంచం విసిరేసి, ఐదుగురి మధ్యలోంచి దూరి, మేస్త్రీ మీద బోర్లా పడుకున్నాడు. వేళ్ళు తొట్టి కాళ్ళ చుట్టూ బిగించాడు.

"లెగు పాస్టరూ, నీ జోలికి మేం రాం!"

"నేను పాస్టరును కాను. కొట్టేవి కొట్టి పోండి."

కొట్టారు. పక్కటెముకలు మూడు విరిగాయి. నడుము మీద ఎవడో ఎగిరి దూకాడు. అతని వేళ్ళు తొట్టి కాళ్ళను వదల్లేదు. చివరికి కాపలావాళ్ళకు విసుగొచ్చి ఈల వేశారు.

జైలు ఆస్పత్రిలో పక్క పక్క మంచాలు. మేస్త్రీ పైకప్పు వంక చూస్తూ, "నా ముందు మంచివాడివి అనిపించుకోవడానికా?" అన్నాడు.

"కాదు బావా. నిన్ను తంతుంటే నాకు సంతోషమేసింది. అక్కడే నిలబడితే చివరిదాకా చూసేవాణ్ణి."

"నేను అడిగితే క్షమిస్తుందా అది?"

"నువ్వు అడగకూడదు. ఆవిడ గుమ్మం ముందు నీ నీడ కూడా పడకూడదు. అది చూసుకోవడం కూడా నా పనే."

మేస్త్రీ బూతు తిట్టి అటు తిరిగి పడుకున్నాడు.

నాలుగు నెలలు తీరాక అతను ఇంటికి వచ్చాడు. మందిరానికి వేరే ఊరి నుంచి కొత్త పాస్టరు వస్తున్నాడు. అతను జైల్లో ఉండగానే వెనక గదులు ఖాళీ చేసి, అతని భార్య మిల్లు వెనక వీధిలోకి మారింది. మేస్త్రీ భార్య కూడా వాళ్ళతోనే ఉంది. తీగలు తీసేశారు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. ఎడమచేత్తో మేకులు కొట్టడం నేర్చుకుని మళ్ళీ పనికి పోతోంది. అతను యార్డులో చేరాడు. విరిగిన భుజం వంకరగా అతుక్కుంది కనుక బరువులు లేవు, చెక్కల కొలతలు తీసే పని.

జైలులో జరిగింది మేస్త్రీ భార్యకు ఎవరో చెప్పారు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం, అతను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి దగ్గర నిలబడింది.

"అడ్డం పడ్డావట."

"పడ్డానక్కా."

"నేనైతే పడను. తన్నడం అయ్యేదాకా నిలబడి చూస్తాను."

"నువ్వు పడక్కర్లేదు. ఆ పని నీది కాదు."

"మరి నీదా?"

"నాదే."

ఆమె బకెట్లోంచి తడి దుప్పటి తీసి ఒక కొస అతనికి అందించింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పిండి, తీగ మీద వేశారు.